మొదటి బస్సక్క వేడినీళ్ళు

లేవగానే ఆమె మొట్టమొదట చేసే పని కుళాయి కింద చిటికెన వేలు పెట్టడం. ముఖం కడగదు, ఎవరినీ పలకరించదు, ఎవరైనా పలకరించినా పలకదు. కళ్ళు సగం మూసుకుని, నాడి చూసే వైద్యుడిలా తల ఓ పక్కకు వంచి, ఆ ఒక్క వేలిని నీళ్ళ ధారలో ఉంచుతుంది. చల్లగా ఉంటే "ఉహూఁ" అంటుంది. వేడెక్కితే "ఊఁ" అంటుంది. మిగతా తొమ్మిది వేళ్ళకూ లేని తెలివి ఆ వేలికి ఉందని ఆమె నమ్మకం. వేడినీళ్ళు భుజాల మీద పడితే తప్ప ఆమెకు మెడ తిరగదు. మెడ తిరగకపోతే పక్క అద్దాలు కనిపించవు. అద్దాలు కనిపించకపోతే బస్సు కదలదు. కాబట్టి సగం ఊరు పనుల్లోకి వెళ్ళేది తన చిటికెన వేలి వల్లనే అని ఆమె అంటే, అందులో గొప్పలు కొంచెమే.

ఎందుకంటే తెల్లవారుజామున ఐదూ ఇరవైకి డిపో గేటు దాటే మొదటి బస్సు ఆమెది. పదకొండేళ్ళుగా ఆమెదే. ఆ బస్సెక్కేవాళ్ళకు ఆమె అసలు పేరుతో పనిలేదు, "మొదటి బస్సక్క" అంటే చాలు. చివరి స్టాపు దగ్గర బేకరీలో పనిచేసే బ్రెడ్డు బాబాయి, ఆ పక్కనే ఆసుపత్రిలో డ్యూటీ ఎక్కే నర్సమ్మ, సంచి నిండా తీగలూ స్క్రూడ్రైవర్లూ మోసుకు తిరిగే కరెంటన్న, ముగ్గురూ ఆమె వెనక సీట్లలోనే కూర్చుంటారు. ఆ సీట్లు వాళ్ళకెవరూ రాసివ్వలేదు. అయినా కొత్తవాళ్ళెవరైనా కూర్చుంటే బస్సంతా వాళ్ళ వైపు జాలిగా చూస్తుంది.

ఆ వేళ రోడ్డు ఖాళీ. సిగ్నల్ దీపాలు పసుపు రంగులో కునికిపాట్లు పడుతుంటాయి. పెద్ద కూడలిలో పగలైతే వంద బళ్ళ మధ్య పిల్లిలా పాకాల్సిన బస్సు, ఆ వేళలో ఏనుగులా దర్జాగా తిరుగుతుంది. ఆ మలుపు దగ్గర ఆమె పెదాల మీదికి ఒక నవ్వు దానంతటదే వస్తుంది. పదకొండేళ్ళలో ఒక్కరోజు కూడా రాకుండా ఉండలేదు.

రోడ్డు మీద ఇంత నిక్కచ్చిగా ఉండే మనిషి ఇంట్లో మాత్రం టైము సంగతి చెప్పకపోవడమే మంచిది. ఆ ఇంట్లో టైము ఒకటి కాదు, మూడు.

హాల్లోని గోడ గడియారం అత్తగారిది. ఆవిడ బడిలో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. బడి గంట కొట్టించాల్సిన మనిషే బడికి ఆలస్యంగా వెళ్తే పిల్లలేమవుతారని, ముప్పై ఏళ్ళ కిందటే ఆ గడియారాన్ని ఇరవై నిమిషాలు ముందుకు తిప్పి పెట్టారు. బడి రోజులు వెళ్ళిపోయాయి, ఇరవై నిమిషాలు మాత్రం అలాగే మిగిలాయి. ఈ సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు. పైకి ఎవరూ అనరు. కొత్త కోడలిగా ఉన్నప్పుడు ఒక్కసారి ఈమె నోరు జారి, "గడియారం కాస్త ముందుందేమో అత్తయ్యా" అంది. ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూసి, "గడియారం సరిగ్గానే ఉందమ్మాయ్. లోకమే వెనకబడింది" అన్నారు. ఇరవై ఏళ్ళలో మళ్ళీ ఆ ఊసెత్తితే ఒట్టు.

కుట్టు గదిలో గడియారం ఆమె భర్తది. ఆయన టైలరు. అది అరగంట వెనక నడుస్తుంది. "ఆరింటికి రమ్మన్నారు, నా కోటేదీ?" అని ఎవరైనా గుమ్మంలో నిలబడితే, "ఇంకా ఐదున్నరే కదండీ, కూర్చోండి" అని గోడ చూపించి, వాళ్ళు కూర్చుని లేచేలోపు గుండీలు కుట్టి చేతిలో పెడతాడు. పదిహేనేళ్ళ వృత్తిలో ఆలస్యం చేశాడన్న మాట పడలేదు.

మూడోది ఆమె చేతి గడియారం. డిపో గడియారంతో సరిచూసుకున్నది. ఆ ఇంటి గడియారాల్లో నిజం చెప్పేది అదొక్కటే. అయితే నీళ్ళు తగులుతాయన్న భయంతో దాన్ని బ్యాగులో దాచి, గడప దాటేటప్పుడు మాత్రమే చేతికి కట్టుకుంటుంది.

రోజూ హాలు గడియారం నాలుగున్నర కొట్టేసరికి, అంటే లోకంలో నాలుగూ పది అయ్యేసరికి, ఆమె లేచి గీజరు స్విచ్చి వేస్తుంది. బాత్రూం తలుపు పైన గోడకు ఎక్కించిన పాతిక లీటర్ల గీజరు. నీళ్ళు కాగడానికి ఇరవై ఐదు నిమిషాలు పడుతుంది. అంతసేపూ ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, మాటిమాటికీ కుళాయి తిప్పి వేలు పెట్టి చూస్తుంటుంది. పదేళ్ళ పాటు ఆ స్టూలు ఆమెకే అపకారమూ చెయ్యలేదు. పదకొండో ఏడు, చలి ముదిరిన రోజుల్లో, కాస్త గోడకు తల ఆన్చిన పాపానికి కునుకు పట్టేసింది. ఐదింటికల్లా డిపోలో పడాల్సిన సంతకం ఎనిమిది నిమిషాలు ఆలస్యం. డిపో రిజిస్టరులో ఎర్రగీత. పది రోజులు తిరగకుండానే మళ్ళీ అదే స్టూలు, అదే గోడ, ఈసారి పదకొండు నిమిషాలు.

డిపో కంట్రోలరు చెడ్డవాడు కాదు. ఎర్రపెన్ను మూత పెట్టి, గొంతు తగ్గించి చెప్పాడు.

"అక్కా, మూడో గీత పడితే ఇక నా చేతుల్లో ఏమీ ఉండదు. మొదటి బస్సు హారన్ మావయ్యకు వెళ్ళిపోతుంది. నీకు మధ్యాహ్నం రెండింటిది."

హారన్ మావయ్య దారిలో తన బస్సు నీడ కనిపించినా హారన్ కొట్టే రకం. మధ్యాహ్నం రెండింటి బస్సంటే పెద్ద కూడలిలో ముప్పావుగంట. ఏనుగు మళ్ళీ పిల్లి అయిపోతుంది. ఆ మాట విన్న క్షణం నుంచీ ఆమెకు టీ కూడా చప్పగా అనిపించింది.

మర్నాడు చివరి స్టాపులో బస్సు ఆపి, వెనక్కి తిరిగి, ముగ్గురికీ సంగతంతా చెప్పింది. దిగాల్సినవాళ్ళు దిగడం మానేసి వాదనకు కూర్చున్నారు.

"అలారం పెట్టుకోవే అమ్మా" అన్నాడు బ్రెడ్డు బాబాయి.

"లేవడం కాదు బాబాయ్ నా బాధ. లేచాక మళ్ళీ పడుకోవడం."

"అయితే ఆ స్టూలు తీసి పారెయ్."

"నిలబడి కూడా నిద్రపోగలను. స్టీరింగు ముందు తప్ప నేనెక్కడైనా నిద్రపోగలను."

"ఆ చివరి ముక్క ముందు చెప్పొచ్చుగా, గుండె ఆగినంత పనైంది" అంది నర్సమ్మ. "అసలు నువ్వు లేచేసరికే నీళ్ళు కాగి ఉంటే నీకు కూర్చునే పనే లేదుగా? టైమరు పెట్టు."

బ్రెడ్డు బాబాయి హుషారుగా ముందుకు జరిగాడు. "మా పొయ్యికి ఉంది చూడు, గుండ్రటి చక్రం, చుట్టూ పళ్ళు. కావలసిన పన్ను నొక్కితే ఆ గంటకు టక్కుమంటుంది. పాతికేళ్ళ నుంచీ టక్కుమంటూనే ఉంది."

"కరెంటు పోతే అదీ ఆగిపోతుంది బాబాయ్" అన్నాడు కరెంటన్న. "వచ్చాక ఆగిన చోటు నుంచే మొదలుపెడుతుంది. గంట కరెంటు పోయిందా, గంట వెనక."

"అమ్మో, వద్దు! మా ఇంట్లో ఇప్పటికే మూడు టైములున్నాయి. నాలుగోదాన్ని నేను పోషించలేను."

"మా చెల్లెలి టేబుల్ లైటు ఫోన్లో నొక్కితే వెలుగుతుంది" అంది నర్సమ్మ. "గోడకు చిన్న ప్లగ్గు పెడితే చాలట, అందులోనే అన్నీ."

కరెంటన్న తన సంచి మీద చెయ్యి వేసి, ప్రమాణం చేసే మనిషిలా నిలబడ్డాడు. "లైటు వేరు, గీజరు వేరు. మీ గీజరు రెండు వేల వాట్లు. దగ్గర దగ్గర తొమ్మిది ఆంపుల కరెంటు అరగంట సేపు ఆపకుండా లాగుతుంది. ఆ చిన్న ప్లగ్గు మహా అయితే పది ఆంపులది. అక్కా, ఈ బస్సుని మీ ఇంటి వెనక సందులోంచి తోలతావా?"

"పడుతుంది కానీ రెండు పక్కలా గోడలు గీరుకుంటాయి."

"రోజూ తోలితే?"

"బస్సయినా పోతుంది, గోడయినా పోతుంది."

"అదీ సంగతి. పదహారు ఆంపుల టైమరు పెట్టె తీసుకో. బాత్రూం బయట బోర్డులో బిగించేది. టైము నెట్లోంచి దానంతటదే సరిచూసుకోవాలి. ఫోనులోనూ నడవాలి, చేతి రిమోటూ ఉండాలి. నెట్టు పోయినా పెట్టిన టైము లోపల గుర్తుండాలి. ఈ చివరిది మాత్రం కొనేముందు అడిగి తీరాలి."

నర్సమ్మ ఇదంతా మందుల చీటీ వెనక రాసి చేతికిచ్చింది. డ్యూటీకి ఐదు నిమిషాలు ఆలస్యమైందని ముగ్గురూ కెవ్వుమని దిగి పరుగెత్తారు.

సాయంత్రం దుకాణానికి అత్తగారూ బయల్దేరారు. "నేను లేకపోతే వాడేది అంటగడితే అది పట్టుకొచ్చేస్తావు" అని ఆవిడ వాదన. కౌంటరు వెనక కుర్చీలోంచి లేచిన యువకుడు చక్కగా నవ్వి మొదలుపెట్టాడు.

"ఇందులో నలభై ఎనిమిది ఫీచర్లున్నాయి మేడం."

"నలభై ఏడు తర్వాత విందాం. తెల్లవారి నాలుగింటికి లేస్తుందా?"

"లేస్తుంది మేడం."

"లేచి మళ్ళీ పడుకోదుగా?" అని ఓరకంట కోడలి వైపు చూశారు.

"పడుకోదు మేడం."

"సెలవులు పెడుతుందా?"

"మీరిస్తేనే తీసుకుంటుంది మేడం. వారంలో ఏ రోజు వద్దంటే ఆ రోజు ఆపుకోవచ్చు."

"బుద్ధిమంతుడే" అన్నారు ఆవిడ, ఆ యువకుణ్ణో ఆ పెట్టెనో తెలియకుండా. కోడలు మందుల చీటీ తీసి ఒక్కొక్కటే అడిగింది. ఆంపులు పదహారు. లోపల గుర్తుంటుంది. రిమోటు ఉంది. అది తాళంచెవి గుత్తిలో పట్టేంత చిన్నది. దాని మీద ఉన్నవి రెండే మీటలు. చూడగానే అత్తగారికి నచ్చింది. కోతికి కొబ్బరిచిప్ప దొరికినట్టు దుకాణంలోనే నాలుగుసార్లు టకటకలాడించారు.

మర్నాడు మధ్యాహ్నం కరెంటన్న వచ్చి పెట్టె బిగించి వెళ్ళాడు. టైలరు గారు టేపు తెచ్చి పెట్టె పొడవు వెడల్పులు కొలిచి, మిగిలిన పరదా గుడ్డతో కుచ్చుల గలీబు కుడతానన్నాడు. "పెట్టెకు గాలి ఆడాలి, చొక్కాలేమీ వద్దన్నా" అని కరెంటన్న దండం పెట్టాడు. చిన్నబుచ్చుకున్న టైలరు, కనీసం రిమోటుకైనా కుడతానని ఒక నీలం కోటు కుట్టాడు. మీటలు బయటికి రావడానికి రెండు కాజాలు కూడా తీశాడు.

కాలేజీలో చదివే కూతురుంది. ఆగకుండా కిచకిచలాడుతుందని పిచ్చుక అంటారు. ఆ పిల్ల అందరి ఫోన్లలోనూ ఆ పెట్టె యాప్ వేసింది.

"గీజరుకు పేరు పెట్టమంటోందమ్మా!"

"వేడయ్య" అన్నాడు నాన్న.

"ఎక్కడో వడ్డీ వ్యాపారిలా ఉంది" అంది అమ్మ.

నానమ్మ కాసేపు ఆలోచించి, "ఊరికే ఉడుకెక్కిపోయేవాణ్ణి ఏమంటాం? ఉడుకుమోతు!" అన్నారు. ఇల్లు ఘొల్లుమంది. అదే ఖాయమైంది.

ఇక ఆ సాయంత్రం ఆ ఇంట్లో ఎవరికీ కాలు నిలవలేదు. వంటింట్లోంచి ఒకరు వేస్తే కుట్టు గదిలోంచి ఒకరు ఆపారు. పిచ్చుక వీధి చివరిదాకా పరుగెత్తి అక్కణ్ణుంచి వేసింది. "ఉడుకుమోతు మేలుకుంది", "ఉడుకుమోతు పడుకుంది" అని నాలుగు ఫోన్లూ ఒకేసారి మోగాయి. చివరికి అమ్మ రిమోటు లాక్కుని బ్యాగులో వేసుకుంది. "వాడికి రేపు డ్యూటీ ఉంది. పడుకోనివ్వండి" అంది.

నిజానికి రేపు డ్యూటీ ఎవరికీ లేదు. మర్నాడు ఆమెకు వారపు సెలవు. "అసలు పరీక్షకు ముందు మోడల్ పరీక్ష ఉండాలి" అని అత్తగారే ఆ రోజు ఎంచారు. నాలుగింటికి మేలుకుని నాలుగున్నరకు పడుకోవాలని ఉడుకుమోతుకు చెప్పి పెట్టారు.

హాలు గడియారం నాలుగున్నర కొట్టింది. ఆమె లేచింది. వెనకే అత్తగారు, ఆ వెనక ఆవలిస్తూ భర్త. ముగ్గురి ముందూ ఆమె కుళాయి తిప్పి చిటికెన వేలు చాచింది. క్షణం గడిచింది.

"ఉహూఁ."

"సరిగ్గా చూడు" అన్నారు అత్తగారు.

"గోరువెచ్చన, అంతే. దీంతో మెడ కాదు కదా, ముక్కు కూడా తిరగదు."

"మోడల్ పరీక్ష ఫెయిల్" అని ఆవిడ తీర్పు చెప్పి, "నలభై ఎనిమిది ఫీచర్లట, నీళ్ళు కాచడం అందులో లేనట్టుంది!" అని ఆ దుకాణం యువకుణ్ణి గుర్తుచేసుకుంటూ వెళ్ళిపోయారు.

ఆమె కుళాయి కట్టేసింది. రేపటి సంతకం కళ్ళ ముందు ఎర్రగా కనిపించింది. కరెంటన్నకు ఫోను చేద్దామని కుట్టు గదిలో ఛార్జింగు పెట్టిన ఫోను తీసింది. తెర మీద అంకెలు చూసి అక్కడే నిలబడిపోయింది. నాలుగూ పదమూడు.

ఉడుకుమోతు తప్పేమీ లేదు. వాడు లోకం టైము ప్రకారం నాలుగింటికే లేచాడు. పాపం, పది నిమిషాలు పనిచేశాడో లేదో, హాలు గడియారం నాలుగున్నర కొట్టేసింది. ఆ ఇంట్లోకి నిజమైన టైము మొదటిసారి అడుగుపెట్టింది, అడుగుపెట్టగానే ఫెయిలయింది.

ఇప్పుడేం చెయ్యాలి? వెళ్ళి "అత్తయ్యా, మీ గడియారం ఇరవై నిమిషాలు ముందుంది" అనాలి. ఆ మాట అనడం కన్నా రెండింటి బస్సు నడపడం తేలిక. అయినా ముప్పై ఏళ్ళ గడియారాన్ని కదిలించడం ఎందుకు, నిన్న వచ్చినవాణ్ణి కదిలిస్తే పోలా? యాప్ తెరిచి ఉడుకుమోతును నాలుగింటి నుంచి మూడూ నలభైకి జరిపింది. పొద్దెక్కాక భర్తకు మాత్రం చెప్పింది.

"అత్తయ్యకు తెలియనివ్వకండి. నొచ్చుకుంటారు."

నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉన్న ఆయన "ఊఁ ఊఁ" అని తలూపాడు.

మర్నాడు గడియారం నాలుగున్నర కొట్టగానే లేచి కుళాయి కింద వేలు పెట్టింది. పెట్టిన వేలు చురుక్కుమని వెనక్కొచ్చింది.

"ఊఁ!"

ఆ "ఊఁ"కి పక్క గదిలో పిచ్చుక దుప్పట్లోంచి తల బయటపెట్టి చూసింది. స్టూలు లేదు, ఎదురుచూపు లేదు, కునుకు లేదు! వేడినీళ్ళు మెడ మీద పడుతుంటే ఆమె పదకొండేళ్ళలో మొదటిసారి బాత్రూంలో పాట పాడింది. పాడితే బాగానే ఉందనిపించి రెండోది కూడా అందుకుంది. బయటికి వచ్చి చూస్తే హాల్లో నాలుగూ నలభై. అంటే అసలు టైము నాలుగూ ఇరవయ్యే! డిపోకు పది నిమిషాల నడక. చేతిలో బోలెడంత టైము. అంత టైముతో ఏం చెయ్యాలో తెలియక ఆమెకు కంగారొచ్చింది. టీ పెట్టుకుంది. తాగింది. బూట్లకు పాలిష్ చేసింది. కిటికీలో మొక్కలకు నీళ్ళు పోసింది. ఇంకా మిగిలిందని రెండో టీ పోసుకుని, కాలు మీద కాలేసుకుని, హాల్లో మహారాణిలా కూర్చుంది.

అప్పుడే వాకింగ్ బూట్లు తొడుక్కుని అత్తగారు గదిలోంచి వచ్చారు. కోడల్ని చూసి ఆగిపోయారు.

"అమ్మాయ్! నువ్వింకా ఇక్కడే ఉన్నావా?"

"రండి అత్తయ్యా, టీ తాగుదాం. బోలెడు టైముంది."

ఆవిడ గోడవైపు చూశారు. నాలుగూ యాభై రెండు. కోడలి ముఖం చూశారు. మళ్ళీ గోడ చూశారు. బడిలో వందలమంది పిల్లల చేత తప్పులు ఒప్పించిన మనిషి. తాను ఒప్పుకోవడం ఎప్పుడూ అలవాటు లేదు. ముల్లు యాభై మూడుకు జరిగింది.

"ఆ గడియారం..." అన్నారు. "ఆ గడియారం ఇవాళ నిజం చెబుతోంది."

కోడలి చేతిలో కప్పు గాల్లోనే నిలిచిపోయింది. "అంటే?"

"అంటే ఏముంది, నిన్న సాయంత్రం నేనే స్టూలెక్కి వెనక్కి తిప్పాను. ఇరవై నిమిషాలు. నీళ్ళెందుకు కాగలేదో నాకు మాత్రం తెలియదా? అది ముందుండేది. ముప్పై ఏళ్ళుగా ముందే ఉండేది. తప్పు నాదే! చాలా? ఇంక పరుగెత్తవే తల్లీ!"

ఆ తర్వాతి రెండు నిమిషాల్లో ఆ ఇంట్లో జరిగింది వరుసగా చెప్పడం కష్టం. టీ ఒలికింది. "ఏమండీ!" అన్న కేకకు మెడలో కొలత టేపుతోనే టైలరు నిద్ర లేచి వచ్చాడు. ఆ టేపుతో పడుకుంటాడా అని అత్తగారు ఆ హడావిడిలోనూ ఆశ్చర్యపోయారు. పిచ్చుక బ్యాగు విసిరింది, అత్తగారు క్యాచ్ పట్టి కోడలి భుజానికి తగిలించారు. స్కూటరు మొదటి తన్నుకు దగ్గింది, రెండో తన్నుకు తుమ్మింది, మూడో తన్నుకు కదిలింది. వెనక కూర్చున్న ఆమె తడి జుట్టు జెండాలా ఎగిరింది.

"నువ్వు గీజరు జరిపావని అమ్మకు చెప్పొద్దన్నావు" అని గాలిలో అరిచాడు ఆయన. "అమ్మ గడియారం తిప్పానని నీకు చెప్పొద్దంది. నేనెవరికీ చెప్పలేదు!"

"రెండూ తెలిసి కూడానా!"

"అదో ఇరవై, ఇదో ఇరవై. రెండూ ఉంటే ఇంకా మంచిదే కదా అనుకున్నా. కుట్టుపనిలో ఎప్పుడూ రెండంగుళాలు లోపలికి మడిచి ఉంచుతాం."

"నేనేమైనా ప్యాంటునా!" అని ఆమె ఆయన వీపు మీద ఒక్కటి వేసింది. కోపంగా వేద్దామనుకుంది కానీ మధ్యలోనే నవ్వొచ్చేసింది. ఆయనకూ వచ్చింది. స్కూటరు ఊగింది. "ముందు చూసి నడపండి, వెనక కూర్చున్నది బస్సు డ్రైవరు" అంటూ ఇంకా నవ్వింది.

డిపోలో కంట్రోలరు ఎర్రపెన్ను మూత తీసి పెట్టుకుని, ఆ మూతనే దిగులుగా చూస్తున్నాడు. పక్కనే హారన్ మావయ్య, ఎందుకైనా మంచిదని తల దువ్వుకుని నిలబడి ఉన్నాడు. తలుపు ధడాలున తెరుచుకుంది. భుజాన బ్యాగు, జుట్టు చివర్ల నుంచి నీళ్ళు. రిజిస్టరు మీద వంగి సంతకం పెట్టింది. ఒక చుక్క నీరు సరిగ్గా సంతకం పక్కనే పడింది. కంట్రోలరు తల ఎత్తి గోడ చూశాడు. నాలుగూ యాభై తొమ్మిది.

ఎర్రపెన్నుకు మూత పెట్టేశాడు. "అక్కా, మెడ తిరుగుతోందా?"

ఆమె కుడివైపు తిప్పింది, ఎడమవైపు తిప్పింది. "బొంగరంలా."

"మావయ్యా, నువ్వు రెండింటికి రా" అన్నాడు కంట్రోలరు. మావయ్య దువ్వెన జేబులో పెట్టుకుని, "నేను ఊరికే గాలికి వచ్చానులే" అన్నాడు.

ఆ రోజు బస్సులో ఆమె ఈ కథ చెప్పేసరికి బ్రెడ్డు బాబాయి నవ్వి నవ్వి తన స్టాపేదో మరిచిపోయాడు. అతనిది చివరి స్టాపే కాబట్టి సరిపోయింది. అక్కడ బస్సు ఆపాక ఆమెకు గుర్తొచ్చింది, అత్తయ్య వాకింగు నుంచి వచ్చి స్నానం చేసే వేళయింది. ఫోను తీసింది. నర్సమ్మ చెయ్యి చాచింది.

"నేను నొక్కుతానే! ఇక్కణ్ణుంచి మీ ఇంట్లో నీళ్ళు కాగుతాయా నిజంగా?"

నొక్కింది. "ఉడుకుమోతు మేలుకుంది" అంది ఫోను. బస్సంతా చప్పట్లు. బ్రెడ్డు బాబాయి ముఖం ముడుచుకుని, "ప్లగ్గు, ప్లగ్గు అన్నది ఆవిడ. చక్రం అయితేనేం, గట్టి టైమరు సంగతి ఎత్తింది నేను. రేపు నా వంతు" అన్నాడు.

సాయంత్రం అత్తగారు మళ్ళీ స్టూలెక్కారు, గడియారాన్ని మళ్ళీ ఇరవై నిమిషాలు ముందుకు తిప్పడానికి. కోడలు వెళ్ళి స్టూలు కదలకుండా పట్టుకుంది.

"ఉండనివ్వండి అత్తయ్యా. ఇప్పుడు లోకం అందుకుంది."

ఆవిడ పై నుంచి కళ్ళజోడు మీదుగా చూశారు. "ఇరవై ఏళ్ళు దాచుకున్నావటే ఈ మాట!" అని, నవ్వు ఆపుకోలేక కోడలి భుజం పట్టుకుని దిగారు. ఉడుకుమోతు తిరిగి నాలుగింటికి వెళ్ళాడు. ఆమెకు రోజూ ఇరవై నిమిషాల నిద్ర అదనంగా వచ్చింది. ప్లాస్టిక్ స్టూలును టైలరు కుట్టు గదిలోకి తీసుకుపోయాడు. కోటు కోసం వచ్చినవాళ్ళు దాని మీద కూర్చుని, అరగంట వెనకున్న గడియారాన్ని నమ్ముతుంటారు. ఆ గడియారం జోలికి మాత్రం ఎవరూ పోలేదు. అది వృత్తికి సంబంధించిన విషయం.

ఇది జరిగి రెండేళ్ళయింది. చివరి స్టాపులో మీట నొక్కే వంతుల జాబితా డ్రైవరు సీటు వెనక అతికించి ఉంది. అత్తగారి స్నానపు నీళ్ళు వారంలో ఆరు రోజులు ప్రయాణికులే కాస్తారు. ఐదూ ఇరవై బస్సు ఇప్పటికీ ఆమే నడుపుతోంది.